గోడలకు బూజు... పరీక్షలతో తేలేదెంత?

విజయవాడ: వీధిలో నిలిచిన వరదను మోటార్లు తోడేస్తాయి. గోడ తాగిన నీటిని తోడే యంత్రమేదీ లేదు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన కుంభవృష్టికి బుడమేరు మళ్లింపు కాలువ గట్టుకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట తదితర ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో నానాయి. అదే నెల 7 నాటికి గండ్లు పూడ్చారు. అగ్నిమాపక శకటాలతో ఇళ్లలోని బురదను కడిగించారు. నేల అంతస్తు మునిగిన కుటుంబానికి రూ.25 వేలు, పై అంతస్తుల వారికి రూ.10 వేల చొప్పున ప్రభుత్వం సాయం ప్రకటించింది. సాయానికి అంతస్తు కొలమానమైంది కానీ, ఇటుక పీల్చుకున్న నీటిని కొలిచిన వారు లేరు.

తడిసిన వస్తువు 24 నుంచి 48 గంటల్లోగా ఆరకపోతే దానిపై బూజు మొలిచే అవకాశముంది. నానిన ఇటుక గోడ పూర్తిగా ఆరడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. బీరువా వెనుక, అటక మూలల్లో, గాలి తగలని పడకగదుల్లో నల్లని మచ్చలు మళ్లీ మళ్లీ తేలడానికి కారణమిదే. ఆస్తమా, అలర్జీ ఉన్నవారికి, పసిపిల్లలకు ఇది చిన్న సమస్య కాదు. చెమ్మ ఇళ్లకు, దగ్గు, పిల్లికూతలు, ఆస్తమా తీవ్రతకు సంబంధముందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకాల్లో పేర్కొంది.

లెక్క సరే... ప్రమాణమేదీ?

జిగురు పట్టీని మచ్చపై అంటించి తీయడం, దూదిపుల్లతో తుడవడం, పోషక పదార్థం పోసిన పళ్లేన్ని గదిలో తెరచి ఉంచడం... పరీక్షల్లో తరచూ కనిపించే పద్ధతులివి. చివరిది మరీ బలహీనమైనది. బూజు సిద్ధబీజాలు లేని గాలి ఎక్కడా ఉండదు గనుక, ఏ ఇంట పెట్టినా పళ్లెంలో ఏదో ఒకటి మొలుస్తుంది. అది చూసి బెంబేలెత్తితే నష్టపోయేది గృహస్థే. పోనీ లెక్క కచ్చితంగా తేలిందనుకున్నా, దాన్ని దేనితో పోల్చాలి? మన దేశంలో 2009లో ప్రకటించిన జాతీయ వాయు నాణ్యత ప్రమాణాల్లో 12 కాలుష్య కారకాలున్నాయి. వాటిలో బూజు లేదు. అమెరికాలోనూ కేంద్ర ప్రభుత్వ పరిమితి లేదు. బూజు కంటికి కనిపిస్తున్నప్పుడు చాలా సందర్భాల్లో నమూనాల పరీక్ష అనవసరమని అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థే చెబుతోంది. ఏ జాతి బూజైనా చేయవలసిన పని ఒక్కటే: తుడిచివేయడం, చెమ్మకు మూలాన్ని అరికట్టడం.

పరీక్షించవలసింది చెమ్మను. ముందుగా ఆ మచ్చ బూజేనా అన్నది చూసుకోవాలి. గోడపై తెల్లగా పొంగేది చాలాసార్లు చవుడు, అంటే ఉప్పు పూత. నీటి చుక్క వేస్తే అది కరుగుతుంది, బూజు కరగదు. తర్వాత మూరెడు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా గాలి చొరకుండా గోడకు అంటించి ఒక రోజు ఉంచాలి. గోడ వైపు చెమ్మ పడితే నీరు గోడలోనే ఉన్నట్టు. గది వైపు పడితే లోపలి గాలిలోని ఆవిరిది తప్పు; కిటికీలు తెరిస్తే సగం పని అయినట్టే. దీనికి అయ్యే ఖర్చు అయిదారు రూపాయలు. సూదుల మీటరుతోనూ చెమ్మ కొలవవచ్చు గానీ, చవుడు పట్టిన గోడపై అది ఎక్కువ చూపే ప్రమాదముంది.

రంగు పూస్తే పోతుందా?

తడి ఆరని గోడకు రంగు వేయించడం అద్దె ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు. యజమానికి రంగు ఖర్చు, అద్దెదారుకు దగ్గు. కొన్నాళ్లకు ఆ రంగు పొరలుగా ఊడి, మచ్చ తిరిగి పైకి వస్తుంది. సంక్రాంతికి సున్నం వేసే పాత అలవాటు ఈ విషయంలో మేలైనదే. కొత్త సున్నానికి క్షారగుణం అధికం కనుక బూజు త్వరగా నిలవదు. పైగా ప్లాస్టిక్ రంగుల మాదిరిగా అది గోడలోని ఆవిరిని బంధించదు.

శుభ్రం చేసేందుకు సబ్బునీరు, గట్టి బ్రష్షు చాలు. ముక్కుకు ఎన్‌95 మాస్కు, చేతులకు తొడుగులు తప్పనిసరి. పొడిగా గీకితే సిద్ధబీజాలు గదంతా చెదురుతాయి కాబట్టి తడిపి రుద్దాలి. నానిన పరుపులు, అట్టపెట్టెలు పారవేయక తప్పదు. బ్లీచింగ్ పౌడరు వాడేవారు దానిలో మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ కలపరాదు. ఆ రెండూ కలిస్తే వెలువడేది క్లోరిన్ విషవాయువు.