ఆడపిల్ల చేతిసంచిలో ఏముండాలి?

2014 ఫిబ్రవరి 13న తెలంగాణ బిల్లు లోక్‌సభ ముందుకు వచ్చిన వేళ విజయవాడ సభ్యుడు లగడపాటి రాజగోపాల్ సభ మధ్యలో పెప్పర్ స్ప్రే చల్లారు. సభ్యులు దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ బయటికి పరుగులు తీశారు. కొందరిని ఆసుపత్రికి తరలించవలసి వచ్చింది. తనపై దాడి జరిగినందున ఆత్మరక్షణ కోసమే వాడానని ఆయన చెప్పుకున్నారు. అంతవరకు కొద్దిమందికే తెలిసిన ఆ చిన్న సీసా పేరు ఆనాటి నుండి తెలుగునాట ఇంటింటికీ తెలిసిపోయింది, అదీ ఒక నవ్వులాటగా.

అయిదేళ్ళకు ఆ నవ్వు ఆరిపోయింది. 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ టోల్‌ప్లాజా సమీపంలో ఒక యువ పశువైద్యురాలు అపహరణకు, అత్యాచారానికి, హత్యకు గురైంది. డిసెంబరు మొదటి వారంలోనే హైదరాబాద్ మెట్రో, మహిళా ప్రయాణికులు పెప్పర్ స్ప్రే వెంట తీసుకువెళ్ళవచ్చునని ప్రకటించింది.

తార్నాక, హబ్సిగూడ మెట్రో స్టేషన్లలో ఉదయం పూట దిగే ఆడపిల్లలను గమనించిన వారికి ఈ ప్రకటన విలువ తెలుస్తుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఇఫ్లూ, సీసీఎంబీ, ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ – ఇన్ని చదువులు, ఇన్ని ప్రయోగశాలలు ఈ కొద్దిపాటి మేరలోనే ఉన్నాయి. పాతబస్తీ నుండి బురఖాలతో, హిజాబులతో వచ్చే మన బిడ్డలు కూడా ఆ గుంపులో ఉన్నారు. వారికి పగలు ఒక దారి, చీకటి పడితే మరొక దారి. క్యాంపస్ చెట్ల నడుమ సాగే పొడవాటి రోడ్లు సాయంత్రం గ్రంథాలయం నుండి బయలుదేరే అమ్మాయికి ఎలా కనిపిస్తాయో మనం ఊహించవచ్చు. హబ్సిగూడ పేరులోని హబ్షీలు పాలకులకు కాపలా కాసేందుకు ఆఫ్రికా నుండి వచ్చినవారు. నేటి విద్యార్థినికి అటువంటి కాపలా ఎవరూ లేరు.

ఈ భయానికి మన ఇళ్ళలో వినిపించే మొదటి సమాధానం, చదువు మానిపించడం. దీనిని నేను సమాధానంగా లెక్కించను. దుండగుడు చేయదలచిన పనిలో సగం మన చేతులతో మనమే పూర్తి చేసినట్లవుతుంది.

రెండవ సమాధానం యువకుల నోట వినిపిస్తుంది: సంచిలో ఒక కత్తి పెట్టుకోమని. 2013 జనవరిలో ముంబైలో శివసేన మహిళలకు బహిరంగంగా కత్తులు పంచిపెట్టింది. అదే పని చార్మినార్ దగ్గర ఒక ముస్లిం సంస్థ చేసి ఉంటే ఏ సెక్షన్లు, ఏ శీర్షికలు వచ్చి ఉండేవో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. ఈ తేడా అన్యాయమే. దానిపై మనం పోరాడవలసిందే. అయితే ఆ పోరాటాన్ని ఒక విద్యార్థిని చేతిసంచిలో దాచి, తనిఖీ గేటు దగ్గర ఆమెను ఒంటరిగా నిలబెట్టడం న్యాయం కాదు. పండుగలకు, ఎన్నికలకు ముందు ఆయుధాలు వెంట ఉంచుకోరాదని నగర పోలీసులు ఉత్తర్వులిస్తూనే ఉంటారు. మన యువకుని జేబులో దొరికిన కత్తి ఆత్మరక్షణ సాధనంగా కాక సాక్ష్యంగా నమోదవుతుంది. పైగా కత్తికి మరో దోషం ఉంది: దగ్గరికి వచ్చిన బలవంతుడు దానిని లాక్కోగలడు.

అంతర్జాలంలో చవకగా అమ్మే విద్యుత్ షాక్ పరికరాల గురించి కూడా ఒక మాట. 2016 నాటి ఆయుధ నిబంధనలు అటువంటి వాటిని కూడా తమ పరిధిలోకి తెచ్చాయి. పైగా అవతలివాడి శరీరానికి ఆనించితే తప్ప అవి పనిచేయవు. వాటి జోలికి పోకపోవడమే మేలు.

మిగిలినది మిరపకాయ. గుంటూరు మిర్చికి మంటనిచ్చే కాప్సైసినే ఈ సీసాలోనూ ఉంటుంది. కళ్ళలో పడితే రెప్పలు తమంతట తామే మూసుకుపోతాయి, దగ్గు ముంచుకొస్తుంది. కొన్ని అడుగుల దూరం నుండే పనిచేస్తుంది కనుక చేయి చేయి కలిసే అవసరం ఉండదు. అరగంటో ముప్పావుగంటో గడిచాక మంట తగ్గుతుంది. పారిపోవడానికి ఆ వ్యవధి చాలు, అంతకు మించి మనకు అక్కరలేదు కూడా. కొనేటప్పుడు మంచులా పరుచుకునే రకం కాక ధారగా చిమ్మే రకం ఎంచుకోవాలి. మంచులాంటిది ఎదురుగాలికి మన ముఖం మీదికే తిరిగి వస్తుంది. మూసి ఉన్న ఆటోలో, మెట్రో పెట్టెలో పక్కవారినందరినీ కమ్మేస్తుంది. లోక్‌సభలో జరిగినది అదే. ఉబ్బసం ఉన్నవారికి అది ప్రమాదకరం కూడా. గడువు తేదీ చూసి కొనాలి, కొన్నాక ఆరుబయట గాలివాటు చూసి ఒకసారి నొక్కి చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, అది బురఖా లోపలి సంచి అడుగున కాక చేతికి అందేచోట ఉండాలి. వెతుక్కునే లోపు జరగవలసినది జరిగిపోతుంది. దానితోపాటు గొంతు పెగలనప్పుడు పనికివచ్చే ఒక విజిల్, ఫోనులో 112.

అయితే ప్రాణాంతకం కాదన్న మాటను గుడ్డిగా నమ్మరాదు. 2016లో కాశ్మీర్‌లో వాడిన పెల్లెట్లకూ అదే పేరు. వాటివల్ల చూపు కోల్పోయిన పిల్లలు మన కళ్ళ ముందున్నారు. న్యాయస్థానాలు కూడా ఈ సీసాను ఆటవస్తువుగా చూడవు. 2024 మేలో కర్ణాటక హైకోర్టు, ఒక వివాదంలో పెప్పర్ స్ప్రే వాడినవారిపై కేసు కొట్టివేయడానికి నిరాకరిస్తూ, దానిని ప్రమాదకరమైన ఆయుధంగానే పరిగణించింది. స్థలం గొడవలోనో, మాటామాటా పెరిగినప్పుడో దానిని బయటికి తీస్తే ఆత్మరక్షణ అన్న వాదన నిలవడం కష్టం.

భారతీయ న్యాయ సంహిత 34 నుండి 44 వరకు గల సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును గుర్తిస్తున్నాయి. అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి వంటి సందర్భాలలో ఆ హక్కు ఎదుటివాని ప్రాణం తీసేవరకు విస్తరిస్తుంది. కాని రక్షణకు అవసరమైన దానికన్నా ఎక్కువ హాని చేయరాదని 37వ సెక్షన్ హద్దు గీస్తున్నది. పెప్పర్ స్ప్రే ఆ హద్దు లోపల నిలిచే సాధనం. పేదవాడి బిడ్డకు, మైనారిటీ బిడ్డకు ఇది చిన్న విషయం కాదు. ఆమె చెప్పుకునే ఆత్మరక్షణను తూచే తక్కెడ మరెవరికన్నా కఠినంగా ఉంటుంది. 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లిలో నలుగురు నిందితులను కాల్చివేసిన పోలీసులు చెప్పిందీ ఆత్మరక్షణే. వారిపై పూలు చల్లారు. ఆ మాట నమ్మదగినది కాదని సిర్పూర్కర్ కమిషన్ తేల్చిన నివేదిక వెలుగు చూసేసరికి 2022 మే వచ్చింది.

సీసా కొనుక్కోమని చెప్పి ప్రభుత్వం చేతులు దులుపుకుంటే మాత్రం ఒప్పుకోరాదు. ఉస్మానియా మహిళా హాస్టల్‌లోకి ఒక ఆగంతకుడు చొరబడి విద్యార్థినిని కత్తితో బెదిరించినది ఆ 2019 ఆగస్టులోనే. ఆనాడు విద్యార్థినులు రోడ్డెక్కి అడిగినవి ఆయుధాలు కావు, భద్రత. మెట్రో ఇచ్చిన అనుమతి గురించి తార్నాక, హబ్సిగూడ స్టేషన్ల తనిఖీ బల్లల దగ్గర తెలుగులో, ఉర్దూలో ఒక బోర్డు పెట్టించడానికి ఎంత ఖర్చవుతుంది? సంచి తెరిచిన ప్రతిసారీ హిజాబు ధరించిన అమ్మాయి ఆ సీసా ఎందుకో సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం అప్పుడు తప్పుతుంది. మన సంఘాలు విశ్వవిద్యాలయానికి, మెట్రో అధికారులకు ఇవ్వబోయే తదుపరి వినతిపత్రంలో ఈ బోర్డును, క్యాంపస్ వీధిదీపాలను ముందు వరుసలో చేర్చాలని కోరుతున్నాను.