పాఠం యెవరిది?

పాఠానికి ముందుగా ఒక పథకం వుండాలన్న విషయంలో యెవరికీ తగాదా లేదు. హరికథ చెప్పే దాసుకు సైతం యే ఘట్టం దగ్గర ఆగి పిట్టకథ చెప్పాలో ముందే తెలిసి వుంటుంది. తగాదా అల్లా ఆ పథకం యెవరు వేయాలి, యెవరి కోసం వేయాలి, వేసిన తర్వాత దాన్ని మార్చే హక్కు యెవరికి వుండాలి అన్నదే. డిజిటల్ శిక్షణా వేదికల పేరిట కొన్నేళ్ళుగా దేశంలోనూ, మన రాష్ట్రంలోనూ సాగుతున్న హడావుడి యీ మూడు ప్రశ్నలనూ దాటవేస్తూ వున్నది. అడగని ప్రశ్నలు సమాధానం లేకుండా వుండిపోవు. బలవంతుడు తనకు అనుకూలమైన సమాధానాన్ని చడీచప్పుడూ లేకుండా అమలు జరుపుకుంటాడు. ఇక్కడ జరుగుతున్నదీ అదే.

ముందుగా వాస్తవాలు చూద్దాం. 2017 జూలైలో కేంద్ర ప్రభుత్వం ముఖ్యంగా ఉన్నత విద్య కోసం 'స్వయం' వేదికను, సెప్టెంబరులో పాఠశాలల కోసం 'దీక్ష' వేదికను ప్రారంభించింది. 2019 ఆగస్టులో 'నిష్ఠ' అనే ఉపాధ్యాయ శిక్షణా కార్యక్రమం మొదలయింది. కోవిడ్ వచ్చి ముఖాముఖి శిక్షణ నిలిచిపోయాక, 2020 జూలై 16న దాని మొదటి ఆన్‌లైన్ విడతను మన ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 1,200 మంది కీలక శిక్షకులతోనే ఆరంభించారు. 18 మాడ్యూళ్ళుగా కట్టిన ఆ పాఠాలు అటుపిమ్మట 'దీక్ష' ద్వారా దేశమంతటా ఉపాధ్యాయులకు చేరాయి. ఆ యేడే వచ్చిన జాతీయ విద్యావిధానం ప్రతి ఉపాధ్యాయుడూ యేటా 50 గంటల వృత్తి శిక్షణ పొందాలన్నది. 2021లో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం ఒక సెమిస్టరు కోర్సుల్లో 40 శాతం దాకా 'స్వయం' ద్వారా పూర్తి చేయవచ్చునన్నది. అదే సంవత్సరం నవంబరులో మన పాఠశాల విద్య కోసమని ప్రపంచ బ్యాంకుతో 25 కోట్ల డాలర్ల అప్పు ఒప్పందం కుదిరింది. 2022 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం బైజూస్ కంపెనీతో ఒప్పందం చేసుకున్నది. ఇవి వేరు వేరు ఘటనలుగా కనబడతాయి. అయితే వీటన్నిటి అడుగునా ఒకే వూహ వున్నది: పాఠాన్ని ఒకచోట కట్టాలి, అన్నిచోట్లా దించాలి.

నేను ఎలమంచిలిలో డిగ్రీ విద్యార్థులకు తెలుగు సాహిత్యం చెబుతాను. ఇటువంటి ఒక వేదికకు పాఠాలు కట్టే పని నాకూ పడింది. కనుక ఆ పని లోపలి నుంచి యెలా వుంటుందో చెప్పగలను. తెరమీద గడులు వుంటాయి. మొదటి గడిలో 'అభ్యసన ఫలితం'. దానికి 'గుర్తిస్తాడు', 'వివరిస్తాడు', 'వర్గీకరిస్తాడు' అన్న క్రియల జాబితాలోంచి ఒకటి యేరుకోవాలి. తర్వాత వీడియోకి ఒక గడి, చదువు సామగ్రికి ఒక గడి, చర్చాంశానికి ఒక గడి, చివర నాలుగేసి జవాబుల ప్రశ్నలకు ఒక గడి. ప్రతి గడికీ నిమిషాల లెక్క. ఆ క్రియల జాబితాకు మూలం 1956లో బెంజమిన్ బ్లూమ్ బృందం అమెరికాలో ప్రచురించిన వర్గీకరణ. పరీక్షలు తయారుచేసే అధ్యాపకులు ఒకరి మాట ఒకరికి అర్థమయ్యేటందుకు చేసుకున్న యేర్పాటు అది. పరీక్షకుల పరిభాష కాస్తా ఇవాళ పాఠానికే శాసనమై కూర్చున్నది.

నా పాఠం 'కన్యాశుల్కం'. గిరీశం యెటువంటివాడు అన్న ప్రశ్నకు నాలుగు జవాబులివ్వాలి: సంస్కర్త, మోసగాడు, పండితుడు, అమాయకుడు. విద్యార్థి 'మోసగాడు' మీద వేలు పెడితే మార్కు పడుతుంది. అక్కడితో నాటకం ముగిసిపోతుంది. గురజాడ చేసిన పని అది కాదే! మనచేత గిరీశంతో కలిసి నవ్వించి, ఆ నవ్వులో మన వాటా యెంతో మనకే అప్పజెప్పిన నాటకం అది. ఆ వాటాను కొలిచే గడి యే వేదికలోనూ లేదు. తమాషా యేమంటే గిరీశం కూడా పంతులే. వెంకటేశం ఆయన దగ్గర నేర్చిన విద్య చుట్ట కాల్చడం. ఇంటికి పోయాక ఇంగ్లీషులో మాట్లాడి చూపించమంటే గురుశిష్యులిద్దరూ నోటికి వచ్చిన ఇంగ్లీషు ముక్కలు వల్లిస్తారు, విన్నవాళ్ళు మురిసిపోతారు. అభ్యసన ఫలితం సాధించినట్టు రుజువు అయిపోయింది! గిరీశం యీనాడు వుంటే గడులన్నీ వేళకు ముందే నింపి పంపేవాడు. అతని చేతిలో వున్న వెంకటేశం మాట యే నివేదికలోనూ వుండేది కాదు.

ఇది సాహిత్యానికి మాత్రమే వచ్చిన చిక్కు అనుకోరాదు. ఎలమంచిలికి దగ్గరలోనే అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలి వున్నది. 2024 ఆగస్టు 21న అక్కడ ఒక మందుల కర్మాగారంలో జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. మర్నాడు యీ చుట్టుపట్ల బడుల్లో కూర్చున్న పిల్లల మనసులో యేమి వుండి వుంటుంది? తమ తండ్రో, అక్కో అటువంటి షెడ్లలోనే షిఫ్టు చేస్తున్నప్పుడు వాళ్ళకు కావలసిన రసాయన శాస్త్రం యేది? ద్రావకపు ఆవిరి యెందుకు అంటుకుంటుంది, దాన్ని అరికట్టే యేర్పాట్లు యేవి, ఆ యేర్పాట్లు వున్నాయో లేవో చూడవలసింది యెవరు? ఆ రోజు చెప్పవలసిన పాఠం అది. అయితే ముందుగా కట్టి, తాళం వేసి, నిమిషాలు కొలిచిన పథకంలో ఆ రోజుకు వేరే పాఠం వుంటుంది. పథకాన్ని పక్కనపెట్టిన ఉపాధ్యాయుడు 'వెనుకబడ్డవాడు'గా లెక్కలోకి ఎక్కుతాడు. జీవితం తలుపు తట్టినప్పుడు తలుపు తీసినవాడు వెనుకబడ్డవాడు!

ఈ లెక్క కొత్తది కాదు. 1862లో ఇంగ్లండులో రాబర్ట్ లో అనే రాజకీయవేత్త, పిల్లలు చదవడం, వ్రాయడం, లెక్కలలో చూపిన ఫలితాన్ని బట్టి బడికి డబ్బు ఇచ్చే నియమావళి తెచ్చాడు. తనిఖీదారుగా పనిచేస్తూ వుండిన మాథ్యూ ఆర్నాల్డ్ అప్పుడే దాన్ని వ్యతిరేకించాడు. ఆ పద్ధతి ఓడ యెక్కి మన మద్రాసు రాజధానికీ వచ్చింది, మన వీధి బడి పంతులు మెడకూ చుట్టుకున్నది. 1911లో ఫ్రెడరిక్ టేలర్ కర్మాగారానికి సరిగ్గా యిటువంటి శాస్త్రమే వ్రాశాడు: ఆలోచన అంతా యాజమాన్యపు పథకరచన గదిలో వుండాలి, కార్మికుడి వంతు అమలు మాత్రమే. రాగిపనిలో తర్ఫీదు పొందిన కార్మికుడు హారీ బ్రేవర్మన్ 1974లో యీ విభజనను విప్పి చూపించాడు. ఆలోచన నుంచి చేతిని విడదీసినప్పుడు పని చౌక అవుతుంది, పనివాడు మార్చదగిన మరచీల అవుతాడు. విశాఖ ఉక్కు కార్మికునికి యీ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. తెల్లచొక్కా వేసుకున్న మనకే యింకా చెప్పవలసి వస్తున్నది. పాఠ్యపథకం ఉపాధ్యాయుని ఆలోచన. దాన్ని అతని చేతిలోంచి తీసి వేదికలో పెట్టడమంటే బడిలోకి టేలర్‌ను తీసుకురావడమే.

దీనికి యెదుటి పక్షంవారు చెప్పే జవాబులలో ఒకటి గట్టిది. దాన్ని తప్పించుకుపోవడం విమర్శ అనిపించుకోదు. కెన్యాలో 2009లో మొదటి బడి తెరిచిన బ్రిడ్జ్ సంస్థ, చిన్న పలకల్లాంటి యంత్రాల మీద పాఠాన్ని మాటమాటగా వ్రాసి పంపి, ఉపాధ్యాయులచేత అలాగే చదివించింది. ఆ బడుల్లో పిల్లలు యెక్కువ నేర్చుకున్నారని నోబెల్ బహుమతి గ్రహీత మైకేల్ క్రెమర్ బృందం 2022లో చెప్పింది. తర్ఫీదు లేని పంతులు దగ్గర పిల్లలు యేమీ నేర్వకుండా పోవడం కంటే వ్రాసిచ్చిన పాఠం మేలు కదా అని వీరి వాదం. మేలే, కాదనను. ఈత రానివాడికి సొరకాయ బుర్ర మేలు. కాని తర్ఫీదు లేని పంతులు ఆకాశం నుంచి వూడిపడలేదు. తక్కువ జీతానికి, తక్కువ తర్ఫీదుతో మనుషులను పెట్టుకోవడమే ఆ వ్యాపారపు పునాది. ముందు ఉపాధ్యాయుణ్ణి బలహీనుణ్ణి చేయడం, తర్వాత బలహీనతకు మందుగా గడుల పాఠాన్ని అమ్మడం! ఆ సంస్థ బడులను మూసివేయమని ఉగాండా ప్రభుత్వం 2016లో ఆదేశించింది. ప్రపంచ బ్యాంకుకు చెందిన పెట్టుబడి సంస్థే 2022లో అందులోంచి తప్పుకున్నది. మన దగ్గర 2018 డీఎస్సీ తర్వాత తిరిగి 16,347 పోస్టుల మెగా డీఎస్సీ నియామకాలు 2025లో గాని జరగలేదు. ఆ మధ్య కాలంలో బడికి చేరింది యేమిటి? ట్యాబులు.

ఆ ట్యాబుల కథ చివరిదాకా చెప్పుకోవాలి. 2022 డిసెంబరు 21న 8వ తరగతి పిల్లలకూ, వారి ఉపాధ్యాయులకూ పంచడం మొదలుపెట్టిన ట్యాబులు 5 లక్షలకు పైగా. వాటిలో బైజూస్ పాఠాలు. అవి పిల్లలకు ఉచితంగానే యిచ్చారు. అయితే అవి యెవరి పాఠాలు? ఎలమంచిలి పంతులమ్మ వాటిలో ఒక వాక్యం దిద్దగలదా? ఒక బొమ్మ మార్చగలదా? సమద్విబాహు త్రిభుజాన్ని మన యింటి పెంకుల కప్పు చూపించి చెప్పగలదా? లేదు. 2024 జూలైలో ఆ కంపెనీ దివాలా విచారణలోకి పోయింది. కంపెనీ పాఠం కంపెనీతో పుడుతుంది, కంపెనీతో పోతుంది. పంతులమ్మ నోటుపుస్తకంలో వ్రాసుకున్న పాఠ్యపథకానికి మటుకు దివాలా లేదు. ఆవిడ బదిలీ అయినా దాన్ని వెనుక వచ్చినావిడ తీసి చూసుకోవచ్చు, కొట్టివేసి తిరిగి వ్రాసుకోవచ్చు.

ఇంతమాత్రాన యంత్రాన్ని పగలగొట్టమని నేను అనడం లేదు. అచ్చుయంత్రం వచ్చినప్పుడు తాటాకు కోసం ఏడ్చినవారి సరసన మన పక్షం యెన్నడూ నిలబడలేదు. 'దీక్ష'కు ఆధారమైన 'సన్‌బర్డ్' సాఫ్ట్‌వేర్ యెవరైనా తీసుకొని మార్చుకోదగినది. పాడేరు బడిలో తయారైన మంచి పాఠం మర్నాటికి పలమనేరు బడికి చేరగలగడం చిన్న విషయం కాదు. అది ఉపాధ్యాయుల సహకారోద్యమానికి సాధనం కాగలదు. ఏటికొప్పాక పనివాడు లేత్ యంత్రాన్ని కాదనలేదు. తిరిగే అంకుడు కర్రకు లక్కను యెంత అదిమి పట్టాలో, యెక్కడ వదలాలో నిర్ణయించే చెయ్యి తనదిగా వుంచుకున్నాడు. బొమ్మ ప్రతిదీ అతనిదిగా వుండటానికి కారణం అదే. మనం అడుగుతున్నదీ అంతే.

ఈ ప్రాంతానికి యీ ప్రశ్న కొత్త కూడా కాదు. ఇక్కడికి దగ్గరలోని ఎస్. రాయవరంలో, పైన చెప్పిన ఆ 1862లోనే, గురజాడ పుట్టాడు. 1906 ప్రాంతంలో ఉత్తర జిల్లాలకు పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్, పిల్లలు మాట్లాడే తెలుగు వేరు, బడిలో చెప్పే తెలుగు వేరుగా వుండటం గమనించి, యెందుకని అడిగాడు. విశాఖ ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, పర్లాకిమిడిలో పంతులుగా వున్న గిడుగు రామమూర్తి, విజయనగరంలో గురజాడ ఆ ప్రశ్నను అందుకున్నారు. యేట్స్ సామ్రాజ్యపు ఉద్యోగే, అందులో సందేహం లేదు. అయినా అతడు ప్రశ్న వేశాడు. జవాబు పంతుళ్ళు చెప్పారు. వ్యావహారిక భాషోద్యమం యెక్కడో పైనుంచి దిగిన మాడ్యూలు కాదు. తరగతి గదిలో పుట్టిన బోధనా సమస్యకు ఉపాధ్యాయులు వెదికిన పరిష్కారం. గిడుగు సవరల భాష తాను నేర్చి, ఆ భాషలో పుస్తకాలు తయారుచేసి, వాళ్ళ పిల్లలకు బడులు నడిపాడు. ముందు పిల్లల దగ్గర నేర్చుకొని ఆ తర్వాత పాఠం కట్టడం ఆయన పద్ధతి. 1914లో గురజాడ విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం సమర్పించాడు. ఇవాళ్టి వేదికలో 'సమర్పించు' మీట వున్నది. 'అసమ్మతి' మీట యెక్కడున్నది?

కనుక మన కోరికలు స్పష్టంగా వుండాలి. ఒకటి, పాఠం కట్టడం పని. దానికి పనివేళలలో సమయం యివ్వాలి. రాత్రి పది గంటలకు ఇంట్లో సొంత ఫోను మీద చేసే వెట్టి కాకూడదు. రెండు, కట్టినవారి పేరు పాఠం మీద వుండాలి, దాన్ని తీసుకొని మార్చుకునే హక్కు చెప్పేవారందరికీ వుండాలి. ప్రజల డబ్బుతో తయారైన పాఠం యే కంపెనీ తాళంలోనూ వుండకూడదు. మూడు, పథకాన్ని పక్కన పెట్టవలసి వచ్చిన రోజున, యెందుకు పెట్టానో వ్రాసే గడి వుండాలి. ఆ గడి శిక్షకు కాక, తర్వాతి పాఠానికి ఆధారం కావాలి. నాలుగు, 50 గంటల శిక్షణలో సగమైనా మండల స్థాయిలో ఉపాధ్యాయులు ఒకచోట కూర్చుని, ఒకరి పాఠాన్ని ఒకరు విమర్శించుకొనేదిగా వుండాలి. సర్టిఫికెట్ కోసం వీడియోను పరుగెత్తించడం శిక్షణ కాదని వేసేవాడికీ తెలుసు, చూసేవాడికీ తెలుసు.

ఈ కోరికలు సంఘాలు చేతబట్టవలసినవి. జీతభత్యాల తీర్మానం పక్కన పాఠం మీద హక్కు తీర్మానం కూడా వుండాలి. విద్యార్థి సంఘాలు దీన్ని ఉపాధ్యాయుల తగాదాగా చూసి వూరుకోరాదు. ఆలోచించే హక్కు పోగొట్టుకున్న పంతులు ఆలోచించే విద్యార్థిని తయారుచేయలేడు. గడులు నింపడం మాత్రమే నేర్చిన విద్యార్థి రేపు యే షెడ్డులో యే మీట దగ్గర నిలబెట్టినా, ఇది యెందుకిలా వున్నది అని అడగడు. అతణ్ణి అలా అడగనివ్వకుండా వుంచడంలో యెవరికి లాభమో అచ్యుతాపురం దారిలో షిఫ్టు బస్సు యెక్కేవారిని అడిగితే చెబుతారు.