మన పడవకి వెదురు కొయ్య పెడితే నామోషీ ఏంటి?



వచ్చే వేసవి సెలవుల్లో గోదావరిలో తిప్పుకోడానికి 12 అడుగుల చిన్న తెరచాప పడవ మన చేతుల్తోనే కట్టాలని హాస్టల్లో ఆరుగురం అనుకున్నాం. చెక్కల దాకా గొడవ లేదు. తెరచాప నిలబెట్టే కొయ్య దగ్గరే వాదన మొదలైంది. "అల్యూమినియం పైపు కొందాం, వెదురు పెడితే చూసినోళ్లు నవ్వుతారు" అని మాలోనే ఇద్దరు అన్నారు. వెదురు ఎందుకు వద్దో మాత్రం ఇంకో కారణం చెప్పలేకపోయారు. రెండు రాత్రులు వాదించుకున్నాక మేం తేల్చుకున్నది ఇది: చిన్న పడవకి, చిన్న చాపకి వెదురు చాలు.

కొయ్య బరువెక్కితే పడవ తొందరగా ఒరుగుతుంది. అందుకే ఇనుప పైపు వద్దు, అది అల్యూమినియం కంటే దాదాపు 3 రెట్లు బరువు. ఇంకో లెక్క చూడండి. గొట్టం గోడ మందం అంతే ఉంచి లావు రెట్టింపు చేస్తే బరువు 2 రెట్లే పెరుగుతుంది, వంగకుండా ఆగే బలం మాత్రం దాదాపు 8 రెట్లు అవుతుంది. లోపల బోలుగా ఉన్న వెదురు గాలికి ఎలా తట్టుకుంటుందో ఈ లెక్కతో మాకు అర్థమైంది.

అల్యూమినియం చెడ్డదని అనట్లేదు. తేలిక, కుళ్లదు. కానీ డబ్బు కావాలి, సొట్టపడి వంగితే ఊళ్లో బాగుచేసేవాళ్లు లేరు. పైన కరెంటు తీగ తగిలితే ప్రాణం పోతుంది. తడిసిన వెదురునీ నమ్మకూడదు, తీగల దగ్గరికి ఏ కొయ్యనీ నిలబెట్టి తీసుకెళ్లొద్దు.

వెదురుకీ పద్ధతి ఉంది. మూడేళ్లు దాటిన ముదురు బొంగుని చలికాలంలో కొట్టాలి. లేతదైతే పురుగు పడుతుంది. పారే నీళ్లలో నానబెట్టి, నీడలో నిలబెట్టి ఆరబెట్టాలి. మేకు కొడితే చీలుతుంది కాబట్టి కణుపుల దగ్గర తాడుతో బిగించి కట్టాలి. ఇదంతా మన తాతలకి తెలిసిందే, మనమే అడగలేదు.

ఇక చాప కట్టడం. కొయ్య చుట్టూ తాడుని ఒకే వైపుగా చుట్టుకుంటూ పోతే దించేటప్పుడు బిగుసుకుంటుంది. అలా కాకుండా, చాప అంచు కన్నంలోంచి తీసిన తాడుని కొయ్య ముందు నుంచి తిప్పి పై కన్నంలో దూర్చాలి, తర్వాత చుట్టు వచ్చిన వైపుకే వెనక్కి తిప్పాలి. కణుపుల గరుకుని పైపైన నున్నగా చెయ్యాలి. గాలివాన లేస్తే చాప వెంటనే కిందికి దిగాలి, అది దిగకపోతే పడవ తిరగబడుద్ది. 2019లో కచ్చులూరు దగ్గర జరిగింది ఎవరం మర్చిపోలేదు. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరూ ఎక్కొద్దు.

2006 అటవీ హక్కుల చట్టం వెదురుని చిన్న తరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. గ్రామసభలో చెప్పి, మన హక్కుగానే తెచ్చుకుందాం. మన ఇళ్లు, బుట్టలు, పందిళ్లు అన్నీ వెదురుతోనే కదా, కాలేజీకి రాగానే అది నామోషీ ఎందుకయ్యింది?

మీ ఊళ్లో తెరచాప పడవ నడిపిన పెద్దోళ్లు ఉంటే, చాప ఎలా కట్టేవాళ్లో అడిగి ఇక్కడ రాయండి. చలికాలం లోపే మాకు కావాలి.