ఉచిత వైద్యమునకు అర్హులెవరు?

నిజాంపురా, పద్మనగర్ ప్రాంతములలోని మన కుటుంబములలో తరచుగా వినవచ్చుచున్న ప్రశ్న ఒకటి కలదు. సర్కారు వారి ఉచిత వైద్యము మనకు వర్తించునా, వర్తించదా? ఒకరు వర్తించునందురు. మరొకరు తెల్ల కార్డు వారికి లేదందురు. వేరొకరు ఊరిలోని కార్డు చాలునందురు. ఆస్పత్రి బల్ల ముందు నిలిచినప్పుడు సగము తెలిసిన మాట అక్కరకు రాదు. అందుచేత నిబంధనలు ఎట్లున్నవో ముందు చెప్పి, పిదప మా అభిప్రాయము మనవి చేసెదము.

మహారాష్ట్రములో 2012 జులైలో రాజీవ్ గాంధీ జీవన్‌దాయీ ఆరోగ్య యోజన 8 జిల్లాలలో మొదలై, 2013 నవంబరులో రాష్ట్రమంతటికిని వ్యాపించెను. 2017లో దానికి మహాత్మా ఫులే పేరు పెట్టిరి. అప్పటి నియమము ప్రకారము పసుపు, నారింజ కార్డుల వారే ముఖ్యముగా అర్హులు. తెల్ల కార్డు వారిని, కరవు జిల్లాల రైతులను తప్ప, బయటనే ఉంచిరి. కుటుంబమునకు ఏడాదికి లక్షన్నర రూపాయల వరకు వైద్యము లభించెడిది.

ఈ రంగుల వలననే మనవారు చాలమంది మోసపోయిరి. మన తెలుగు నేల మీద తెల్ల కార్డు పేదవాని కార్డు. 2007లో ఆరోగ్యశ్రీ ఆరంభమైనప్పుడు ఆ కార్డు గలవారికే అది వర్తించెను. ఇక్కడ సంగతి తలక్రిందులు. 1999లో ఈ రాష్ట్రమువారు మూడు రంగుల కార్డులు పెట్టినప్పుడు, ఏడాదికి లక్ష రూపాయలు మించిన ఆదాయము గలవారికి తెల్ల కార్డు అని నిర్ణయించిరి. లక్ష అనగా నెలకు 8,333 రూపాయలు. తండ్రి, కొడుకు సాంచాలు నడిపి, ఇంటి ఆడవారు కండెలు చుట్టినచో ఆ గీత దాటుట ఎంతసేపు? ఖోలీ అద్దె, పిల్లల చదువు పోగా మిగులునది ఏమియు లేకున్నను, కాగితము మీద ఆ ఇల్లు కలవారి ఇల్లయ్యెను.

2023 జులైలో ఈ నియమమును మార్చి, 2024 జులై 1 నుండి అమలు చేసిరి. ఇప్పుడు కార్డు ఏ రంగుదైనను సరే, అయిదు లక్షల రూపాయల వరకు వైద్యము కలదు. కార్డు లేనివారు రాష్ట్ర నివాస ధ్రువపత్రము చూపవచ్చును. ఇది మంచి మార్పు, దీనిని మేము హర్షించుచున్నాము. ఇంకను మా కార్డు తెల్లది గదా అని వెనుకాడుచున్నవారు ఆ సంకోచము మానవలెను.

అయినను ద్వారము బయట నిలిచినవారు నేటికిని కలరు. కరీంనగరు, నల్లగొండ పల్లెల నుండి వచ్చి, కార్ఖానాలోనో, నలుగురితో కలిసి అద్దె ఖోలీలోనో ఉండు కార్మికుని కార్డు ఊరిలో ఉన్నది. నివాస పత్రము కావలెనన్న 15 ఏండ్లు ఇక్కడ ఉన్నట్లు ఋజువు చూపవలెను. అద్దె చీటియే లేనివాడు ఏమి చూపును? ఒకే దేశము ఒకే కార్డు అను పద్ధతిలో ఊరి కార్డు మీద ఇక్కడ బియ్యము, గోధుమలు తీసుకొనవచ్చును. తిండి గింజలు రాష్ట్రము దాటి వెంట వచ్చుచుండగా, వైద్యము ఏల రాకూడదు? తెలంగాణమువారు 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీని పది లక్షలకు పెంచిరి. కాని గుండెనొప్పి వచ్చినవానిని రైలెక్కించి కరీంనగరు తీసుకొనిపోవు లోపల ఏమగునో చెప్పనక్కరలేదు.

కేంద్రమువారి ఆయుష్మాన్ భారత్ 2018 సెప్టెంబరు 23న ఆరంభమయ్యెను. దాని కార్డు దేశమంతట చెల్లును. అయితే దాని మూలము 2011 నాటి సామాజిక ఆర్థిక గణన. పట్టణములలో 11 రకముల పనివారిని అందులో చేర్చిరి. ఇంటి పనివారు, తోపుడు బండ్లవారు, కట్టడపు కూలీలు, దర్జీలు, ఇంట కూర్చుండి చేతిపని చేయువారు అందు కలరు. సాంచా కార్మికుడు అను పేరు ఆ పదకొండింటిలో లేదు! 2024 అక్టోబరు నుండి మాత్రము 70 ఏండ్లు నిండిన వారందరికిని, ఆదాయముతో పని లేకుండ, ఆధారు కార్డు మీదనే ఈ సహాయము ఇచ్చుచున్నారు. మన ఇండ్లలోని పెద్దలకు ఇది వెంటనే చేయించవలసిన పని.

పై పథకములు ఆస్పత్రిలో చేరినవారికే ముఖ్యముగా ఉపయోగపడును. నూలు దుమ్ముతో వచ్చు దగ్గు, సాంచాల చప్పుడుతో మందగించు చెవి, నిలిచి నిలిచి పట్టు నడుము మొదట్లో చిన్న మందు చీటితోనే సాగును. అట్టివానికి తగినది ఇ.ఎస్.ఐ. పదిమందికి తక్కువ కాకుండ పనివారున్న కార్ఖానాలో, నెలకు 21,000 రూపాయల లోపు పగారు గలవారికి అది హక్కు. పదిహేను వేల పగారుకు కార్మికుడు కట్టునది 112 రూపాయల 50 పైసలు, యజమాని కట్టునది 487 రూపాయల 50 పైసలు. ఒకే కప్పు క్రింది సాంచాలను తమ్ముని పేర, బావమరిది పేర పంచి, ఎక్కడను పదిమంది లేరని చూపు ఆచారము మన పరిశ్రమలో కలదు. యజమానులలో మనవారును ఉన్నారు. కరెంటు బిల్లు, నూలు ధర వారిని పీడించుచున్న మాట నిజమే. కాని పనివాడు మంచమెక్కినప్పుడు అడ్వాన్సు ఇచ్చునదియు, ఆగిన సాంచాను చూచి బాధపడునదియు ఆ యజమానియే గదా!

అందరికి ఇచ్చినచో ఖజానా ఏమి కావలెనని కొందరు అడుగుదురు. అర్హత చూడవద్దని మేము అనుట లేదు. ఇక్కడ పని చేయుచున్నాడా, ఇక్కడ బ్రతుకుచున్నాడా అని చూడుడు, కాగితము ఏ రాష్ట్రపుదని చూడవద్దు అనియే మా మాట. ఊరి కార్డును, యజమాని ఇచ్చు పని చీటిని కలిపి అర్హతగా అంగీకరించి, ఖర్చు సంగతి రెండు రాష్ట్రములు తమలో తాము తేల్చుకొనవలెను. పని చీటి ఇచ్చుటకు యజమానికి ఖర్చేమియు లేదు. ఇందుకై సంఘములన్నియు కలిసి రెండు సర్కారులకును అర్జీ పెట్టవలెనని కోరుచున్నాము.

అంతవరకు ప్రతి ఇంటివారు చేయదగిన పని ఒకటి కలదు. ఈ వారము సెలవు నాడు రేషను కార్డు తీసి చూడుడు. కోడలి పేరు పుట్టింటి కార్డు నుండి వచ్చినదా? పుట్టిన బిడ్డ పేరు చేరినదా? ఆధారులోని పేరు, కార్డులోని పేరు ఒకే తీరున ఉన్నవా? ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర అడుగునది ఇదియే. రోగి పేరు కార్డులో లేనిచో ఆ కుటుంబమునకు పథకము ఉండియు లేనట్లే. చదువు రాని పొరుగువారికి, చదువుకున్న మన పిల్లలు ఈ పనిలో తోడు పోవలెనని మా మనవి.