మూత తీయని మూడు రోజులు

 

దివ్యఖుర్ఆన్‌లో మన్న్‌తో పాటు ప్రస్తావించబడిన సల్వాను కౌజు పిట్టగానో, దానిని పోలిన పక్షిగానో వ్యాఖ్యాతలు వివరించారు. ఆ పాఠం చెప్పినప్పుడల్లా పిల్లలు ‘ఆ పిట్ట ఎలా ఉంటుంది?’ అని అడుగుతూనే ఉంటారు. ఈ వేసవి సెలవులలో మా మనుమడు అడగడంతో ఆగలేదు. గుడ్లు తెచ్చి ఇంట్లోనే పొదిగిద్దామని పట్టుబట్టాడు. మేము ఒప్పుకున్నాము.

నేడు మన ప్రాంతంలో పెంచుతున్నది జపాన్ కౌజు. తరతరాలుగా మనిషి చేతిలో పెరిగిన ఈ పిట్ట గుడ్లు పెడుతుంది గాని, వాటిపై కూర్చుని పొదిగే అలవాటును దాదాపు మరచిపోయింది. కనుక పొదిగే బాధ్యతను మనిషే తలకెత్తుకోవాలి. ఇది కొత్త విద్య కాదు. ఈజిప్టులో మట్టి ఇటుకల కొలిమి గదులలో వేడి కల్పించి కోడిగుడ్లను పొదిగించే పద్ధతిని, సుమారు 800 ఏళ్ల క్రితమే అబ్దుల్లతీఫ్ అల్ బగ్దాదీ అనే వైద్య పండితుడు తన ఈజిప్టు వర్ణనలో వివరంగా రాశారు. అక్కడి పనివారు గుడ్డును కనురెప్పకు ఆనించి వేడిని అంచనా వేసేవారట. మన చేతిలో నేడు థర్మామీటరు ఉంది.

తినడానికి అమ్మే గుడ్లు పొదగడానికి సాధారణంగా పనికిరావు. మగపిట్టలతో కలిపి పెంచినవారి వద్దనే తీసుకోవాలి. వారం రోజులు మించని, పగుళ్లు లేని 24 గుడ్లను తెచ్చాము. ఒక్కొక్కటి పది, పన్నెండు గ్రాములకు మించదు. ఫ్యాను ఉన్న చిన్న ఇంక్యుబేటరులో 37.5 డిగ్రీల వేడి నిలకడగా ఉందని ఒక రోజంతా చూసిన తరువాతనే, శుక్రవారం అసర్ నమాజు పిమ్మట గుడ్లను అందులో పేర్చాము. తేమ 45 నుండి 50 శాతం మధ్య ఉండేలా అడుగు గిన్నెలో నీరు పోశాము.

ఇక తిప్పే పని. గుడ్డు కదలకుండా ఉంటే లోపలి పిండం పొరకు అంటుకుపోతుంది. అందుకని మా మనుమడు ప్రతి గుడ్డుకు ఒకవైపు సున్నా, మరోవైపు గుణకారపు గుర్తు పెన్సిలుతో వేసి, అయిదు పూటల నమాజు తరువాత అయిదు మార్లు తిప్పేవాడు. అయిదు బేసి సంఖ్య గనుక, ఒక రాత్రంతా కిందికి ఉన్న వైపు మరుసటి రాత్రి పైకి వచ్చేది. ఒక మధ్యాహ్నం గంటసేపు కరెంటు పోయినప్పుడు వాడే పరుగున వెళ్లి, గాలి రంధ్రాలు మూయకుండా పెట్టె చుట్టూ దుప్పటి కప్పాడు.

పద్నాలుగవ రోజు సాయంత్రం తిప్పడం ఆపివేశాము. తేమను 65 శాతం పైకి పెంచి మూత వేశాము. ‘పిల్లలు బయటికి వచ్చి ఆరేవరకు మూత తీయరాదు’ అని మేమే కాగితంపై రాసి అంటించాము. కారణం కూడా మనుమడికి చెప్పాము. మూత తీస్తే తేమ ఒక్కసారిగా పోతుంది. పెంకు కింది పొర ఎండి, పిల్లను బిగించేస్తుంది.

ఆదివారం ఇషా తరువాత మొదటి గుడ్డుపై నెర్రె కనిపించింది. సోమవారం ఫజ్ర్ నాటికి మూడు పిల్లలు బొటనవేలంత దేహాలతో తడబడుతూ తిరుగుతున్నాయి. మరికొన్ని పెంకులు చిట్లాయి. వాటిలో ఒకటి మాత్రం రాత్రి చిట్లినది చిట్లినట్లే ఉండిపోయింది. జుహ్ర్ వరకు చూశాము. ఇక ఉండబట్టలేక మూత తీసి, ఆ గుడ్డును చేతిలోకి తీసుకుని గోటితో పెంకు కొంచెం ఒలిచాము. సన్నని నెత్తురు చార కనిపించింది. పొరలోని రక్తనాళాలు ఇంకా ఎండలేదు. పచ్చసొన పూర్తిగా కడుపులోకి చేరే వరకు పిల్ల విశ్రమిస్తుందని, కదలక ఉండడం కూడా దాని పనిలో భాగమేనని తెలిసి కూడా అలా చేశాము. గుడ్డును తిరిగి లోపల పెట్టేసరికి తేమ మీటరు 40కి దిగిపోయింది.

ఆ పిల్ల అసర్ నాటికి చనిపోయింది. మరునాటికి లెక్క చూస్తే పద్నాలుగు పిల్లలు బతికాయి. మూడు గుడ్లలో అసలు జీవమే ఏర్పడలేదు. రెండు మధ్యలో ఆగిపోయాయి. మరి నాలుగు, పెంకుకు చిల్లు పెట్టుకుని కూడా ఎండిన పొరలో చిక్కుకుని మరణించాయి. ఆ నాలుగింటికీ మా చెయ్యే కారణమని రూఢిగా చెప్పలేము. కాదని చెప్పే ధైర్యమూ మాకు లేదు.

మా మనుమడు ఏడవలేదు. కాగితం వైపు చూసి, “దాదా, తీయవద్దని మీరే కదా రాశారు?” అన్నాడు. ముప్పై ఏళ్లుగా సబ్ర్ గురించి పాఠం చెబుతున్న మా వద్ద జవాబు లేకపోయింది. “అవును నాయనా, తప్పు మాదే” అన్నాము.

సబ్ర్ అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడమని కొందరనుకుంటారు. పద్నాలుగు రోజులు చేతితో చేయవలసిన పని ఉంది. అది చేయకపోతే నిర్లక్ష్యం. ఆ తరువాతి మూడు రోజులు చేతిని ఆపుకోవడమే పని. అది చేయకపోతే తొందరపాటు. మాకు కష్టమైనది రెండవది. తరగతిలో పిల్లవాడు ఒక పదం వద్ద ఆగితే వెంటనే అందించే అలవాటు కూడా మాకుంది. వాడు ఆగినది ఆలోచించడానికేమోనని ఇప్పుడు ఒక క్షణం చూస్తున్నాము. ఇంట్లో తల్లిదండ్రులు కూడా చూడవలసిన క్షణమే అది.

ఈ పని తలపెట్టేవారికి మరో రెండు మాటలు. అడవి కౌజుల గూళ్ల జోలికి పోకండి. వాటికి చట్టరక్షణ ఉంది. పిల్లలు పుట్టాక మొదటి వారం 36 డిగ్రీల వెచ్చదనం కావాలి. తరువాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించాలి. నీటి పళ్లెంలో గులకరాళ్లు వేయండి. లేకుంటే వేలెడు నీటిలోనే మునిగిపోతాయి. పిల్లలలో దాదాపు సగం మగవే అవుతాయి. వాటిని ఏం చేస్తారో గుడ్లు పెట్టకముందే నిర్ణయించుకోండి. మన చేతి మీదుగా లోకంలోకి వచ్చిన ప్రాణి మన వద్ద అమానత్.

నిన్న రెండవ విడత గుడ్లు పెట్టాము. ఈసారి మూతపై కాగితం మా మనుమడే రాసి అంటించాడు. కింద మా చేత సంతకం కూడా చేయించుకున్నాడు.