లాల్ బహదూర్ నగర్‌లో బ్రిటన్ ప్రధాని

బ్రిటన్ ప్రధానమంత్రి మంచివాడా కాదా అన్న విచారణ దిల్‌సుఖ్‌నగర్‌లో ఏడాది పొడవునా జరుగుతూనే ఉంటుంది గానీ, అదంతా ఒక్క కొలత దగ్గరే ఆగిపోతుంది: చదువు పూర్తయ్యాక ఆ దేశంలో ఎన్ని నెలలు ఉండి ఉద్యోగం వెతుక్కోనిస్తారు? మూసారాంబాగ్ నుంచి చైతన్యపురి దాకా మెట్రో పిల్లర్లకు ఇరువైపులా, చెప్పుల దుకాణాలకూ టిఫిన్ సెంటర్లకూ పైన రెండో అంతస్తుల్లో వెలసిన విదేశీ విద్యా కన్సల్టెన్సీల ఇరుకు మెట్ల మీద, ‘ఐఈఎల్‌టీఎస్ లేకుండానే యూకే’ అన్న ఫ్లెక్సీల కింద ఈ వారం కూడా అదే లెక్క నడిచింది. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు పెట్టుకునేవారికి రెండేళ్ల గడువు 18 నెలలకు తగ్గుతుంది కనుక ఆ నిర్ణయం తీసుకున్న ప్రధాని పనికిరాడని, ఆ తలుపు తెరిచిన మునుపటి ప్రధాని మహానుభావుడని అక్కడ తీర్పు వెలువడింది. అక్కడికి మూడు మెట్రో స్టేషన్ల దూరంలో ఒక ప్రధానమంత్రి పేరు మీదే ఒక పేట వెలసి ఉండగా, ప్రధాని పదవిని ఇంత చిన్న తూనికరాయితో తూచడం బాధ కలిగించే విషయం.

ఆ కొలతనే నమ్ముకుంటే ఎక్కడికి చేరతామో ఒకసారి చూడవలసి ఉన్నది. చదువు తరువాతి పని వీసాను 2012 ఏప్రిల్‌లో డేవిడ్ కామెరాన్ ప్రభుత్వం, థెరిసా మే హోంమంత్రిగా ఉండగా, మూసివేసింది. బోరిస్ జాన్సన్ ప్రభుత్వం దానిని తిరిగి తెరుస్తామని 2019లో ప్రకటించి 2021 జూలై 1న ‘గ్రాడ్యుయేట్ రూట్’ పేరుతో తెరిచింది. రిషి సునాక్ హయాంలో 2024 జనవరి నుంచి ఎక్కువమంది విద్యార్థులు భార్యనో భర్తనో పిల్లలనో వెంట తీసుకువెళ్లే వీలు పోయింది. 2025 మే నెలలో కీర్ స్టార్మర్ ప్రభుత్వం వెలువరించిన శ్వేతపత్రం, అంటే చట్టానికీ నిబంధనలకూ ముందు సర్కారు తన ఆలోచనను సభ ముందు పెట్టే పత్రం, గడువును 18 నెలలకు కుదించాలని ప్రతిపాదించింది. కన్సల్టెన్సీ మెట్ల మీది లెక్క ప్రకారం వీరందరిలో ఉత్తముడు బోరిస్ జాన్సన్ అవుతాడు. కోవిడ్ కాలంలో తాను దేశానికి విధించిన నిబంధనలను తానే విందులో పాల్గొని ఉల్లంఘించి పోలీసుల జరిమానా కట్టినవాడు, ఆ విందుల విషయంలో సభను తెలిసి తెలిసి తప్పుదోవ పట్టించాడని 2023 జూన్‌లో కామన్స్ సభాహక్కుల సంఘం తేల్చినవాడు, ఆ నివేదికను సభ 354 అనుకూల, 7 వ్యతిరేక ఓట్లతో ఆమోదించగా పరువు పోగొట్టుకున్నవాడు అతడే.

నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపుల నుంచి వచ్చి ఎల్.బి. నగర్ చౌరస్తాలో బస్సు దిగి, పట్టాదారు పాసుపుస్తకాల కవరు చంకలో పెట్టుకుని, ఖాతాలో 28 రోజులు కదలకుండా చూపించవలసిన డబ్బు కోసం వడ్డీకి తిరిగే తండ్రుల ఆందోళనను తక్కువ చేయడం ఈ శీర్షిక ఉద్దేశం కాదు. ఎకరం అమ్మినవాడు నెలలు లెక్కపెట్టుకోకుండా ఎలా ఉంటాడు? అయితే ప్రధాని అంటే వీసా ఇచ్చేవాడు, వీసా ఆపేవాడు అన్న భావం ఆ మెట్ల మీద నుంచి దిగి మన రాజకీయాల్లోకి కూడా నడిచి వచ్చింది. పైన కూర్చున్న ఒక్క మనిషి ఏమి ఇస్తాడు, ఏమి గుంజుకుంటాడు అన్నదే పాలనకు కొలత అయినచోట, అతడు ఎవరికి జవాబు చెప్పుకోవాలన్న ప్రశ్న అడిగేవారే ఉండరు.

ఆ పదవి పుట్టుకే వేరు. 1721లో రాబర్ట్ వాల్పోల్ ఖజానా ప్రథమ ప్రభువుగా బాధ్యత చేపట్టినప్పుడు ప్రధానమంత్రి అన్న మాట చట్టంలో లేదు, ఆ తరువాత చాలాకాలం అది తిట్టుగానే చెల్లింది. ఈనాటికీ లండన్‌లోని పదో నంబరు డౌనింగ్ స్ట్రీట్ తలుపు మీది ఇత్తడి ఉత్తరాల పెట్టె రేకు మీద చెక్కి ఉన్నది ‘ఖజానా ప్రథమ ప్రభువు’ అన్న హోదాయే. ప్రధాని సమానులలో ప్రథముడు మాత్రమే అన్నది అక్కడి సంప్రదాయం. మంత్రివర్గం సమష్టిగా సభకు బాధ్యత వహిస్తుంది, అంటే లోపల ఎంత వాదించుకున్నా బయటికి ఒకే మాట చెప్పి ఆ మాటకు అందరూ కట్టుబడతారు. ఆ సమష్టి బరువును మోసే మొదటి భుజం ప్రధానిది. సభ జరిగే ప్రతి బుధవారం మధ్యాహ్నం అరగంటసేపు అతడు నిలబడి ప్రశ్నలకు జవాబు చెప్పాలి, ప్రతిపక్ష నాయకుడికి ఆరు ప్రశ్నలు అడిగే అవకాశం ఉంటుంది. కనుక మంచి బ్రిటన్ ప్రధానికి కావలసిన మొదటి గుణం వాక్పటిమ కాదు, ఆకర్షణ అంతకన్నా కాదు. తనకన్నా గట్టివారిని చుట్టూ కూర్చోబెట్టుకుని పని చేయించగల నిబ్బరం, ఆ పని చెడితే తన పేరు ముందు చెప్పగల నిజాయితీ.

2004లో లీడ్స్ విశ్వవిద్యాలయం 139 మంది పండితుల అభిప్రాయం సేకరించి 20వ శతాబ్దపు ప్రధానులు 20 మందికి వరుస నిర్ణయించినప్పుడు మొదటి స్థానం యుద్ధవీరుడు చర్చిల్‌కు కాక క్లెమెంట్ అట్లీకి దక్కడంలోని అర్థం ఇదే. అట్లీ పొడి పొడి మాటల మనిషి, సభలో మెరుపులు లేవు. కానీ అతని మంత్రివర్గంలో ఎర్నెస్ట్ బెవిన్, అనైరిన్ బెవన్, స్టాఫర్డ్ క్రిప్స్, హెర్బర్ట్ మోరిసన్ వంటి, ఒకరంటే ఒకరికి పడని ఉద్దండులు ఉన్నారు. యుద్ధంతో అప్పుల్లో కూరుకుపోయిన దేశంలో వారందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, 1948 జూలై 5న ప్రతి పౌరుడికీ ఉచిత వైద్యం అందించే జాతీయ ఆరోగ్య సేవను ప్రారంభింపజేశాడు. బడ్జెట్ ప్రసంగానికి కొద్ది నిమిషాల ముందు ఒక విలేకరికి నోరు జారిన ఆర్థికమంత్రి హ్యూ డాల్టన్ 1947లో రాజీనామా ఇస్తే దానిని ఆమోదించాడు. దేశ విభజన నాటి నెత్తురు అట్లీ లెక్కలో లేకుండా పోదు. అధికార బదిలీకి పెట్టిన గడువు 1948 జూన్ నుంచి 1947 ఆగస్టుకు జరిగిన తొందరలో పంజాబు, బెంగాలు ప్రజలు చెల్లించిన మూల్యాన్ని ఆ 139 మంది పండితులు ఎంతమేరకు లెక్కలోకి తీసుకున్నారన్నది భారతీయ పాఠకులు అడగదగిన ప్రశ్నే.

అదే జాబితాలో చిట్టచివరన నిలిచినవాడు ఆంథొనీ ఈడెన్. 1956లో సూయజ్ కాలువ విషయంలో ఇజ్రాయెల్‌తో ముందే కుదుర్చుకున్న ఒప్పందాన్ని సభకు దాచి, లేదని బుకాయించి, మరుసటి జనవరిలో ఇంటికి వెళ్లాడు. 2003లో ఇరాక్ యుద్ధానికి పూనుకున్న టోనీ బ్లేర్ మంత్రివర్గం బల్ల దగ్గర కన్నా సోఫాల మీద కొద్దిమంది సలహాదారులతోనే నిర్ణయాలు తేల్చాడన్న విమర్శను అధికారిక విచారణలే బలపరిచాయి. 2022 సెప్టెంబర్‌లో లిజ్ ట్రస్ లెక్కాడొక్కా లేని పన్ను రాయితీలు ప్రకటించి 50 రోజులు నిండకముందే పదవి పోగొట్టుకున్నది. వీరిలో ఎవ్వరూ తెలివితక్కువవారు కారు. ఎదురు చెప్పేవారిని దూరం పెట్టడం వీరి దోషం.

నిబ్బరం, నిజాయితీ అన్న ఆ రెండు గుణాలూ వెతకడానికి నిజానికి థేమ్స్ ఒడ్డుకు పోనక్కరలేదు. ఎల్.బి. నగర్ పేరులోని రెండు పొడి అక్షరాల వెనుక ఉన్న మనిషి లాల్ బహదూర్ శాస్త్రి. అతడు రైల్వేమంత్రిగా ఉండగా 1956 సెప్టెంబర్‌లో జడ్చర్ల, మహబూబ్‌నగర్‌ల మధ్య వంతెన కూలి రైలు పడిపోయి నూరుమందికి పైగా చనిపోయారు. తెలంగాణ ఇంకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉన్న నాటి మాట అది. వంతెన శాస్త్రి కట్టించలేదు, రైలు శాస్త్రి నడపలేదు. అయినా రాజీనామా పత్రం నెహ్రూ చేతికి ఇచ్చాడు, నెహ్రూ ఒప్పుకోలేదు. మూడు నెలలు తిరగకముందే, నవంబరులో, తమిళ దేశంలోని అరియలూరు దగ్గర మరో రైలు వాగులో పడి 140 మందికి పైగా మరణించినప్పుడు మళ్లీ ఇచ్చాడు. ప్రమాదానికి శాస్త్రి కారకుడు కాకపోయినా రాజ్యాంగ సంప్రదాయం నిలబడాలన్న ఉద్దేశంతో ఈసారి నెహ్రూ దానిని ఆమోదించాడు. మంత్రి బాధ్యత అన్న బ్రిటిష్ భావనకు, అంటే శాఖలో ఎక్కడ తప్పు జరిగినా సభ ముందు తల వంచవలసినవాడు మంత్రే అన్న నియమానికి, ఇంతకన్నా నిండైన ఉదాహరణ లండన్‌లో కూడా అరుదు.

ఆ మనిషి 1964 జూన్ 9న ప్రధాని అయి 1966 జనవరి 11న తాష్కెంట్‌లో మరణించేదాకా పాలించినది 19 నెలలు. తిండిగింజల కరువులో వారానికి ఒక పూట భోజనం మానమని దేశాన్ని అడగడానికి ముందు తన ఇంట్లో పొయ్యి వెలిగించకుండా చూసుకున్నాడు, వ్యవసాయమంత్రి సి. సుబ్రహ్మణ్యం మేలు రకం గోధుమ విత్తనాల కోసం పట్టుబడితే అడ్డుపడేవారి మాట వినక అతని వెనుక నిలబడ్డాడు. మద్దతు ధరను సిఫారసు చేసే వ్యవసాయ ధరల సంఘం, ధాన్యం సేకరించే భారత ఆహార సంస్థ రెండూ 1965 జనవరిలోనే మొదలయ్యాయి. ఐకేపీ ధాన్యం కొనుగోలు సెంటర్ దగ్గర వడ్ల కుప్పకు కాపలా పడుకుని, మద్దతు ధర డబ్బులు ఖాతాలో పడ్డాక కొడుకు యూకే ఫీజు కోసం బస్సెక్కే నల్లగొండ రైతు, తన చేతిలోని ఆ డబ్బుకు మూలపురుషుడైన ప్రధాని పేరు మీది చౌరస్తాలోనే దిగుతున్నాడు. అతనికి ఆ సంగతి చెప్పినవారు లేరు.

తెలుగువాడైన ప్రధాని సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1991 జూన్ 21న ప్రమాణం చేసేనాటికి పి.వి. నరసింహారావు ఏ సభలోనూ సభ్యుడు కాదు. బ్రిటన్‌లో 1963లో ప్రభువుల సభ వదులుకుని కామన్స్ ఉపఎన్నికలో గెలిచేదాకా రెండు వారాలపాటు ఏ సభలోనూ లేని ప్రధాని అలెక్ డగ్లస్ హ్యూమ్ తరువాత ఇటువంటి స్థితి చెప్పుకోదగినది. నంద్యాల ఉపఎన్నికలో తెలుగువాడన్న గౌరవంతో ఎన్.టి. రామారావు పార్టీ పోటీ పెట్టలేదు, ఆధిక్యం 5 లక్షల 80 వేలు దాటింది. మైనారిటీ ప్రభుత్వాన్ని అయిదేళ్లు నడిపిన పి.వి., పరిశ్రమల శాఖను తన దగ్గరే ఉంచుకుని లైసెన్సుల రాజ్యాన్ని కూల్చే తలనొప్పిని తాను మోస్తూ ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్‌ను ముందు నిలబెట్టాడు, సెక్యూరిటీల కుంభకోణం వేళ ఆ మంత్రి రాజీనామా ఇస్తే తీసుకోలేదు, 1994లో జెనీవాకు ప్రతిపక్ష నాయకుడు వాజ్‌పేయిని దేశ ప్రతినిధిగా పంపాడు. ఇవన్నీ అట్లీ తరహా పనులు. కానీ 1992 డిసెంబర్ 6న అయోధ్యలో మసీదు కూలుతుంటే అడ్డుకోలేకపోయిన ప్రధాని, అరియలూరు తరువాతి శాస్త్రి లాగా ‘బాధ్యత నాది’ అని పక్కకు తప్పుకోలేదు. పి.వి.ని ప్రేమించే తెలుగువారు ఈ ఒక్క మాట దగ్గర తల దించుకోవలసిందే.

తమంతట తాము తప్పుకోనివారూ ఉంటారు కనుక, మంచి ప్రధానిని ఎన్నుకోవడం కన్నా చెడ్డ ప్రధానిని దింపగలగడం ముఖ్యం. బ్రిటన్‌లో 2022 జూలైలో రెండు మూడు రోజుల్లో పదుల సంఖ్యలో మంత్రులు రాజీనామా చేసి జాన్సన్‌ను దింపారు, 1990లో థాచర్ అంతటి నాయకురాలిని స్వంత పార్టీ సభ్యులే పంపించివేశారు. మన దగ్గర అది కష్టం: 1985లో 52వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం కారణంగా మన ఎంపీ గానీ ఎమ్మెల్యే గానీ విప్‌ను, అంటే పార్టీ ఓటు ఆదేశాన్ని, కాదంటే సభ్యత్వమే పోతుంది. పార్టీ మారేవారిని ఆ చట్టం ఆపిందా అంటే హైదరాబాద్‌లోనూ అమరావతిలోనూ జవాబు అందరికీ తెలుసు; ఆపింది మాత్రం స్వపక్షంలో ఉండి నాయకుడిని ప్రశ్నించేవారిని.

ఈ సంగతులు చెప్పవలసినవారు దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఉన్నారు. గ్రూప్స్, కానిస్టేబుల్, బ్యాంకు పరీక్షల కోచింగ్ హాళ్లలో, వందల మంది కూర్చునే గదుల్లో ‘పాలిటీ’ పేరుతో ఇదే పాఠం నడుస్తున్నది. కానీ ఆ పాఠం జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ చేయించిన బిట్ల రూపంలో ఉంటుంది. పార్లమెంటరీ విధానం ఏ దేశం నుంచి తీసుకున్నాం? బ్రిటన్. అంతటితో పేజీ తిప్పేస్తారు. ఏమి తీసుకున్నాం, ఏమి తీసుకోకుండా వదిలాం అన్నది బిట్టుగా రాదు కనుక ఎవరూ చెప్పరు. రీడింగ్ రూముల్లో అర్ధరాత్రి దాకా మేలుకునే పిల్లల కష్టం చూసినవారెవరికైనా ఈ దుర్వ్యయం కడుపు మండిస్తుంది.

చివరగా పేర్ల సంగతి. మియాపూర్ నుంచి వచ్చే మెట్రో లైనులో చివరి స్టేషన్ ఎల్.బి. నగర్, దాని ముందరి స్టేషన్ విక్టోరియా మెమోరియల్. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో సరూర్‌నగర్‌లో అనాథ పిల్లల కోసం ఏర్పడిన ఆశ్రమానికి పెట్టిన బ్రిటన్ రాణి పేరు పూర్తిగా, స్పష్టంగా పలుకుతుంది. ఆ వెంటనే వచ్చే భారత ప్రధాని పేరు రెండు అక్షరాలుగా మిగిలింది. పొడి అక్షరాలతో పిలవడం తెలుగువారికి కొత్త కాదు, పి.వి.ని పి.వి. అన్నది చనువుతోనే, కానీ లాల్ బహదూర్‌ను బతికి ఉండగా ఎల్.బి. అని పిలిచినవారు లేరు. శాసనసభ నియోజకవర్గం పేరు ఎన్నికల సంఘం పత్రాల్లో ఇప్పటికీ ‘లాల్ బహదూర్ నగర్’ అనే ఉన్నది కనుక పేరు మార్చనక్కరలేదు, ఉన్న పేరును విప్పి రాస్తే చాలు. మెట్రో స్టేషన్ బోర్డు మీద, ఆర్టీసీ బస్సుల నుదుటి మీద, చౌరస్తాలో నల్లగొండ బస్సు ఆగే చోట ఆ రెండు చుక్కలు తీసివేసి మూడు మాటలు రాయించడం నగరపాలక సంస్థకూ, మెట్రోకూ, ఆర్టీసీకీ ఒక్క నెలలో అయ్యే పని.