పోలీసు భయం పెంచే జబ్బులు

సెక్స్ వర్క్‌లో ఉన్న మహిళలకు సుఖవ్యాధుల ముప్పు ఎక్కువ. అందుకు వాళ్ల నడవడికనే తప్పుపట్టడం లోకానికి అలవాటు. కర్ణాటకలో తేలింది వేరు. ఈ రాష్ట్రంలో 3,800 మందికి పైగా మహిళలపై జరిపి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాది కాలంలో దెబ్బలకో అత్యాచారానికో గురైనవారిలో 5 శాతం మందికి గనేరియా కనిపించింది. హింస ఎదురుకానివారిలో అది 2.6 శాతమే. కొట్టేవాణ్ని కండోమ్ వాడమని నిలదీయడం ఎవరి తరం? తాగొచ్చినవాడితోనూ అంతే. వడ్డీ వ్యాపారి గడువు దగ్గరపడ్డ రోజున, కండోమ్ లేకుండా అయితే ఎక్కువిస్తానన్నవాడిని కాదనడం ఇంకా కష్టం.

వీటన్నిటినీ మించింది పోలీసు భయం. 1956 నాటి చట్టం సెక్స్ వర్క్‌ను నేరమనలేదు. వ్యభిచార గృహం నడపడాన్ని, బహిరంగంగా విటులను పిలవడాన్ని నేరాలుగా చూసింది. కానీ సంచీలో కండోమ్ దొరికితే అదే రుజువంటే ఏ మహిళ దాన్ని వెంట ఉంచుకుంటుంది? ఆరోగ్యం కోసం తీసుకునే జాగ్రత్తలను నేరానికి సాక్ష్యంగా చూడరాదని సుప్రీంకోర్టు 2022 మే 19న స్పష్టంగా చెప్పింది. ఆ మాట ప్రతి ఠాణాకూ చేరాలి.

ఇక జబ్బుల తీరు. గనేరియా, క్లమీడియా స్త్రీలలో చాలాసార్లు ఏ లక్షణమూ చూపవు. నొప్పి మొదలయ్యేసరికి గర్భాశయ నాళాలు దెబ్బతిని ఉండవచ్చు. సిఫిలిస్ కడుపులోని బిడ్డకూ సోకుతుంది. పుండ్లుంటే హెచ్‌ఐవీకి దారి సులువవుతుంది. శుభ్రత పేరుతో లోపల సబ్బునీళ్లతో కడుక్కోవడం మేలు చేయకపోగా కీడే చేస్తుంది. తొలిదశ సిఫిలిస్ మాత్రం ఒక్క పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయమవుతుంది. అందుకే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం మూడు నెలలకోసారి వైద్యపరీక్ష, ఆరు నెలలకోసారి సిఫిలిస్, హెచ్‌ఐవీ రక్తపరీక్షలు చేయించమంటోంది.

పరీక్షకు పోవడమే కష్టం. బెంగళూరు-హైదరాబాదు జాతీయ రహదారి మీదున్న చిక్కబళ్లాపురం, బాగేపల్లి పెద్ద నగరాలేమీ కావు. బాగేపల్లి దగ్గరి పరగోడు లాంటి ఊరి మహిళ తాలూకా ఆసుపత్రి చీటీ వరుసలో నిలబడితే ఎవరో ఒకరు గుర్తుపడతారు, ఆ మాట ఊరికి ఆమెకంటే ముందే చేరుతుంది. పైగా ఇప్పుడు బేరాలు ఫోన్లోనే. ఒక అడ్డా అంటూ లేకపోతే ఆరోగ్య కార్యకర్త ఆమెను ఎక్కడని వెతకాలి? ఆమె సరిహద్దు దాటితే వెతకడం ఇంకా కష్టం, అటువైపు ఆంధ్ర. అక్కడి ఎయిడ్స్ నియంత్రణ సంస్థ వేరు.

కండోమ్‌లు పంచితే చెడు పెరుగుతుందనే పెద్దమనుషులు మైసూరును చూడాలి. అక్కడ ఆశోదయ సమితిగా కూడిన సెక్స్ వర్కర్లే కార్యక్రమాన్ని ముందుండి నడిపారు. అక్కడి సెక్స్ వర్కర్లలో 2004లో 25 శాతంగా ఉన్న సిఫిలిస్ 2006 నాటికి 12 శాతానికి దిగింది. ఊళ్లలో నీతిబోధలకు కొదవలేదు గానీ ఇలాంటి ఫలితం ఏ బోధా చూపలేదు.

చిక్కబళ్లాపురం జిల్లా యంత్రాంగం చేయాల్సింది ఇదే: కండోమ్‌ను కేసు కాగితాల్లో సాక్ష్యంగా రాయొద్దని ఠాణాలకు లిఖిత ఆదేశం ఇవ్వాలి. బాగేపల్లి, చింతామణి ఆసుపత్రుల్లో పేరు, ఊరు బయటపడకుండా సాయంత్రం వేళ పరీక్షలు జరపాలి. దెబ్బలు తిని వచ్చిన మహిళ ఫిర్యాదును ఆమె వృత్తి అడగకుండానే నమోదు చేయాలి.